గోప్రత్యామ్నాయము

చిక్కడపల్లిలో వేంకటేశ్వరస్వామి ఆలయపు వీథికి రెండు సందుల ఈవల, మా అక్కగారి యింటి మేడమీద, గడచిన మాఘమాసమున ఒక ఉపనయనము జరిగినది. వటువునకు పదునేడేండ్లు. పుట్టినదియు పెరిగినదియు జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున. తండ్రి నా మేనల్లుడు. పదునారేండ్లు దాటినచో బ్రాహ్మణవటువునకు సావిత్రీకాలము మించిపోయినట్లేయని స్మృతులు చెప్పుచున్నవి గనుక, గాయత్రికి ముందు ప్రాయశ్చిత్తము జరుగవలసి వచ్చెను. నారాయణగూడలో కాపురముండి ఈ చుట్టుపట్ల పేటలలో ముప్పదియేండ్లుగా శుభాశుభములు జరిపించుచున్న పంతులుగారు వ్రేళ్ళ కణుపులమీద ఏదో లెక్కించుకొని, ప్రాజాపత్యకృచ్ఛ్రమను పేరు వటువుచేత పలికించి, దానికి బదులుగా గోవును, గోవునకు బదులుగా గోమూల్యమును సంకల్పమున చేర్చి, తమలపాకులమీద రెండు వక్కలును నూటపదహారు రూపాయలును పెట్టించి, అక్షతలతో నీరు విడిపించిరి. ఒక రూపాయి బిళ్ళ జారి పీటక్రిందికి దొర్లగా కుర్రవాడు వంగి వెదకి తెచ్చి మరల ఆకుమీద పెట్టెను. పంతులుగారు దానిని తక్కినవాటితో కలిపి రొండిన దోపుకొని తరువాతి మంత్రమునకు సాగిరి.

విస్తళ్ళు లేచిన తరువాత మేనల్లుడు నా ప్రక్కకు వచ్చి కూర్చుండి, చేతిలోని ఫోను చూపించుచు నవ్వెను. "టికెట్లు కొనేటప్పుడే మా ముగ్గురి పొగకూ పరిహారం కట్టేశాను మామయ్యా. కొన్ని యూరోలు. ఎక్కడో చెట్లు నాటుతారట. మీ పంతులుగారి ఆవూ నా చెట్టూ ఒకటే కదా?"

పరిహాసమునకే అడిగినాడు గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. చేసిన తప్పునకు వెల కట్టవచ్చునా? కట్టిన వెలను చెల్లించినవాడు తప్పునుండి విడివడునా, లేక తప్పును కొనుక్కొన్నవాడగునా? అశోక్‌నగర్ గదులలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకొను పిల్లలు సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు చాయ్ త్రాగుచు కార్బన్ క్రెడిట్, సీబ్యామ్ అని ఒకరికొకరు వల్లెవేయించుకొనుచుందురు. వారికి అది రెండు మార్కుల ప్రశ్న. నాకది మన ధర్మశాస్త్రములు వేయేండ్లకు పైగా పెనుగులాడిన ప్రశ్నయే మరియొక వేషమున వచ్చినట్లు తోచినది.

ప్రాజాపత్యకృచ్ఛ్రమనగా పండ్రెండు దినముల వ్రతము: మూడునాళ్ళు పగటిపూట మాత్రమే భోజనము, మూడునాళ్ళు రాత్రిపూట మాత్రమే, మూడునాళ్ళు యాచింపక లభించినది, చివరి మూడునాళ్ళు ఉపవాసము. చేసినవాని కడుపునకు తెలియవలసిన వ్రతమిది. దీనిని చేయలేనివానికి దయదలచి శాస్త్రకారులు గోదానమును బదులు చెప్పిరి; గోవు దొరకనివానికి గోమూల్యము చెప్పిరి; ఆ మూల్యము కాలక్రమమున యథాశక్తి యను మాటచాటున తగ్గి తగ్గి నూటపదహారు రూపాయలైనది. ప్రతి మెట్టునందును దయయే కారణము, సందేహము లేదు. కాని పై మెట్టుమీద నున్న ఆకలికిని క్రింది మెట్టుమీద నున్న రూపాయి బిళ్ళకును నడుమ ఏ సంబంధము మిగిలినదో వెదకిచూడవలసియున్నది. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున పాపవిమోచనమునకు చెప్పిన సాధనములలో, తన తప్పును తానే బయటపెట్టుకొనుట (ఖ్యాపనము), పరితపించుట, తపస్సు, అధ్యయనము అనునవి ముందు వచ్చును. దానము కడపట, అదియు ఆపత్కాలమునకు మాత్రమే, వచ్చును. అంతటితో ఆగక, పరితాపముచేత పాపము విడుచునేమో గాని, ఇక నీ పని చేయనని మానుకొనుటచేతనే మనిషి శుద్ధుడగునని ఆ స్మృతి నిర్ణయించినది. నివృత్తి యను ఆ యొక్క మాటను పట్టుకొనియే నేను ఐరోపా వ్యవహారమును చూడదలచినాను.

ఐరోపా సమాఖ్య 2005లో కర్మాగారములు వెలువరించు బొగ్గుపులుసు వాయువునకు ఒక విపణిని ఏర్పరచినది. విద్యుత్కేంద్రములు, ఉక్కు, సిమెంటు మొదలగు పరిశ్రమలు విడుచు ప్రతి టన్నునకును ఒక అనుమతిపత్రము అప్పగింపవలెను. పత్రముల మొత్తమునకు పరిమితి కలదు. మిగిలినవాడు అమ్ముకొనవచ్చును, చాలనివాడు కొనుక్కొనవలెను. మొదటి మూడేండ్లలో ప్రభువులు పత్రములను అవసరమునకు మించి పంచిపెట్టుటచేత 2007 చివరకు వాని వెల దాదాపు సున్నకు దిగినది. మన గోమూల్యమునకు పట్టిన గతియే దానికిని పట్టినది: మంత్రమంతయు యథావిధిగానే జరిగినది, ఆవు మాత్రము లేదు. పిమ్మట బుద్ధి తెచ్చుకొని పరిమితిని బిగించిరి; 2023 ఫిబ్రవరిలో ఆ పత్రము వెల తొలిసారిగా నూరు యూరోలను దాటినది. నేను మెచ్చుకొనునది ఆ వెలను కాదు, ఏటేట తగ్గుచుండు ఆ పరిమితిని. 2024 నుండి సంవత్సరమునకు 4.3 శాతము, 2028 నుండి 4.4 శాతము చొప్పున అది తగ్గవలెనని శాసనము. ఆ పద్ధతికి లోబడిన పరిశ్రమల ఉద్గారములు 2005తో పోల్చిన సుమారు సగమునకు దిగినవి. 2024లో ఆ సమాఖ్య విద్యుత్తులో సూర్యుని వాటా మొదటిసారిగా బొగ్గు వాటాను మించినది. ఇంకొక నిబంధన నాకు ధర్మశాస్త్రమునందలి వాక్యమువలెనే వినిపించును: పత్రములు అప్పగింపనివాడు టన్నునకు నూరు యూరోలకు తక్కువగాని జరిమానా చెల్లించినను వాని ఋణము తీరదు, లోటుపడిన పత్రములను మరుసటి యేడు అప్పగింపవలసినదే, పైగా వాని పేరు లోకమునకు ప్రకటింపబడును. మనువు చెప్పిన ఖ్యాపనము ఇంతకన్న వేరుకాదు.

మా మేనల్లుని చెట్ల పరిహారము ఈ పద్ధతిలోనిది కాదు. ఐరోపా హద్దులలోపల ఎగురు విమానములు 2012 నుండి ఆ లెక్కలోనికి వచ్చినవి గాని, ఫ్రాంక్‌ఫర్ట్ నుండి శంషాబాదునకు వచ్చు దూరప్రయాణములను దానినుండి విడిచిపెట్టిరి. పెరటిలోని పాపమునకు లెక్క యున్నది, సముద్రము దాటు పాపమునకు స్వచ్ఛందము! (పూర్వులు సముద్రయానమునే పాపమనిరి, వారి కారణములు వేరు, ఆ వాదమునకు నేనిప్పుడు పోను.) స్వచ్ఛందముగా చెల్లించువాడు తాను మానుకొనుట లేదు, వేరొకడు చేసిన లేక చేయబోవు పుణ్యమును కొనుచున్నాడు. పుణ్యము విక్రయవస్తువగునా?

సంస్కృతభారతమున, ఆదిపర్వమున, యయాతి కథ కలదు. స్వర్గమునుండి పడిపోవుచున్న ఆ రాజును చూచి దౌహిత్రులు నలుగురు, అష్టకుడు, ప్రతర్దనుడు, వసుమనుడు, శిబి, తమ పుణ్యలోకములను ఇచ్చెదమని ముందునకు వత్తురు. దానము పుచ్చుకొనుట రాజునకు తగదని యయాతి నిరాకరింపగా, వసుమనుడు ఒక చమత్కారమైన ఉపాయము చెప్పును: దానము తప్పైనచో వీనిని ఒక గడ్డిపరక యిచ్చి కొనుక్కొనుమనును. యయాతి దానికిని ఒప్పుకొనడు; అట్టి బూటకపు బేరము తానెన్నడును చేసి యెరుగననును. ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల నేను ఆగిపోవుచుందును. అమ్మువాడు మనుమడు, ప్రేమతో అమ్ముచున్నాడు. కొనువాడు క్రిందికి పడుచున్నాడు, ఆపత్కాలమే. అయినను ఆ పరకలో దోషము కనబడినది. ఆ దోషము వెల తక్కువగుటయందు మాత్రమే యున్నదా? అయినచో నూరు పరకలిచ్చిన చాలియుండును. కొన్నంతమాత్రమున పడిపోవుటకు కారణమైన అహంకారము పోదు గనుక ఆ బేరము బూటకమని నా తాత్పర్యము.

ఇట్టి బేరము మన దేవుని కొండమీదనే ఒకసారి జరిగినది. తిరుమలలో 2002 ప్రాంతమున తిరుమల తిరుపతి దేవస్థానమువారు వంటశాలకు సౌరయంత్రమును ఏర్పాటుచేసిరి: సూర్యుని వెంబడి తిరుగు నూటయారు అద్దపు పళ్ళెరములు, వానినుండి దినమునకు సుమారు 4,000 కిలోల ఆవిరి, ఆ ఆవిరితో పదునైదువేల మందికి భోజనము. ఏటికి 1,18,000 లీటర్ల డీజిలు మిగులునని లెక్క. ఆ మిగులును కార్బన్ క్రెడిట్లుగా మార్చి స్విట్జర్లాండుకు చెందిన ఒక సంస్థకు విక్రయించిన సంగతి 2008 ప్రాంతమున పత్రికలలో వచ్చినది. అన్నము వండినది ప్రత్యక్షనారాయణుడు, తిన్నది భక్తుడు, పొగ తగ్గించినానను మాట చెప్పుకొనునది మాత్రము ఆల్ప్స్ పర్వతముల నీడనున్న ఒక వర్తకుడు. నేనిందులో దేవస్థానమును తప్పుపట్టను. అన్నదానము అన్నదానమే, అది ఎవరికిని అమ్ముడుపోలేదు. కాని తర్కము అడుగక మానదు: ఆ సొమ్ము రాకపోయినను ఆ అద్దములు అక్కడ నిలిచియుండునా? నిలిచియుండునన్నచో కొన్నవానికి దక్కినది గడ్డిపరక. ఆ సొమ్మువలననే ఇంకొక కప్పుమీద ఇంకొక అద్దము వెలసినచో, అది బేరమైనను బూటకము కాదు. పుణ్యవిక్రయమును సంపూర్ణముగా నిషేధించు పండితులతో నేనిక్కడ విడిపోవుదును. కొన్నవాడు తన యింటి పొయ్యి మంటను తగ్గించుకొనుచు, తగ్గనంతవరకే కొనినయెడల, ఆపదలో దానము చేసినవాని స్థితి వానిది.

పొయ్యి మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పవలెను. గృహస్థునకు పంచసూనములు, అనగా తెలియకుండ ప్రాణిహింస జరుగు ఐదు తావులు, కలవని స్మృతులు చెప్పుచు వానిలో మొట్టమొదట పొయ్యిని పేర్కొన్నవి; తిరుగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ పిమ్మట. బ్రతుకుటయే ఒక మంట యని మన పూర్వులకు తెలియును. అందుచేత వారు పొయ్యిని ఆర్పుమనలేదు, అనుదినము పంచమహాయజ్ఞములు చేయుమనిరి. అయితే ఎవని పొయ్యి ఎంత పెద్దదన్న విచారణ వారు మరువలేదు: ఎనుబదియేండ్లు దాటినవానికి, పదునారేండ్లు నిండనివానికి, స్త్రీకి, రోగికి ప్రాయశ్చిత్తము సగమే. శక్తిని, వయస్సును, దేశకాలములను చూడక విధించినది ప్రాయశ్చిత్తమే కాదు. ఇక్కడనే ఐరోపావారి కొత్త సుంకము నాకు నచ్చదు. సరిహద్దు కార్బన్ సుంకము, మన పిల్లలు వల్లెవేయు సీబ్యామ్, 2023 అక్టోబరున లెక్కలు చెప్పుటతో ఆరంభమై 2026 జనవరి 1 నుండి అసలు రూపము దాల్చినది. ఉక్కు, అల్యూమినియము, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దాని వాకిట ఆగి తమ పొగను చెప్పుకొనవలెను. తమ పరిశ్రమ మాత్రమే వెల చెల్లించుచుండగా వెల చెల్లింపని ఉక్కు వచ్చి దానిని పడగొట్టునను వారి భయము న్యాయమే. కాని తలకు ఏటికి రెండు టన్నులు విడుచు భారతీయుని ఉక్కును, దానికి రెండుమూడు రెట్లు విడుచుచు రెండు శతాబ్దములుగా బొగ్గుమీద మేడలు కట్టినవాని ఉక్కును ఒకే తూనికలో తూచి, వచ్చిన సొమ్మును తన ఖజానాకే చేర్చుకొనునప్పుడు, పురోహితుడే దక్షిణను నిర్ణయించి, తానే పుచ్చుకొని, యజమానునకు సగము ప్రాయశ్చిత్తమున్నదను మాట దాచినట్లున్నది. ఎగుమతిచేయు దేశము తనయింట చెల్లించుకొన్న కార్బన్ వెలను తగ్గించి లెక్కింతుమను వెసులుబాటొకటి వారిచ్చిరి. మన ప్రభుత్వము 2023లో తన కార్బన్ క్రెడిట్ల వ్యాపారపథకమును ప్రకటించుటకు అదియు ఒక ప్రేరణయైయుండును.

ఆ సాయంకాలము పంతులుగారు కుర్రవానికి సంధ్య నేర్పుటకు మరల వచ్చిరి. మేడమీద పడమటివైపు తిరిగి నిలుచుంటిమి. సూర్యుడు నైరుతి మొగముగా దిగుచుండెను. నా చిన్ననాడు పడమట హుస్సేన్‌సాగరపు గట్టున పొగగొట్టములుండెడివి: 1920లో నిజాము ప్రభుత్వము సింగరేణి బొగ్గుతో నడిపించిన విద్యుత్కేంద్రము, మేము లాంతరు మాని బల్బుక్రింద చదువుకొనుటకు కారణమైనది. 1983లో అది ఆగినది, తరువాత పడగొట్టిరి, ఇప్పుడచ్చట సినిమాహాలు. దాని మసి మా అమ్మ ఆరవేసిన చీరలమీద పడినదో లేదో నాకు జ్ఞాపకము లేదు. ఆ వెలుతురు మాత్రము జ్ఞాపకమున్నది.

"పంతులుగారూ, ఈనాడు పాలిచ్చే ఆవు ఎంత ఉంటుంది?" అని అడిగితిని.

ఆయన నవ్విరి. "ఆ ధర చెబితే ఒడుగులు ఎవరు చేసుకుంటారు బాబూ?" అని, కుర్రవానివైపు తిరిగి, "రేపటినుంచి మానకుండా చేస్తావా?" అనిరి.

వాడు తండ్రివైపు చూచెను. "చలికాలంలో అక్కడ ఎనిమిది దాటితేగాని తెల్లవారదు పంతులుగారూ. అప్పటికి వీడు బడిలో ఉంటాడు," అని మేనల్లుడు చెప్పెను.

"వేళ తప్పిన రోజున అర్ఘ్యం ఒకటి ఎక్కువ విడవాలి నాయనా," అని పంతులుగారు వాని దోసిలి సరిచేసి, చెంబులోని నీరు పోసిరి. "అది మాత్రం నువ్వే విడవాలి."