రాళ్ల నడుమ ఒక ముఖము

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 7:54–60

ఫ్రాన్సు దేశమందలి లియోన్ నగరపు చిత్రశాలలో, స్తెఫను రాళ్లతో కొట్టబడుటను చూపు ఒక చిత్రమున్నది. హాలెండు దేశస్థుడైన రెంబ్రాంట్ 1625లో దానిని కొయ్యపలకపై చిత్రించెను. అప్పటికతనికి ఇరువది యేండ్లు నిండలేదు. తేదీ వేసిన అతని చిత్రములలో మనకు లభించిన మొదటిది ఇదియే.

ఎడమప్రక్క గుఱ్ఱముపైనున్నవాడు నీడలో మునిగియున్నాడు. మోకరించిన స్తెఫనుమీదను, అతనిని చంపువారిమీదను ఒకే వెలుగు పడుచున్నది. ఆ కాలపు చిత్రకారులనేకులు ఇట్టి ఘట్టమును మేఘములతోను దేవదూతలతోను నింపుదురు. ఇక్కడ తెరువబడిన ఆకాశము మనకు కనబడదు. దానిని చూచినవాని ముఖమే కనబడును. నాకిది యుక్తముగా తోచుచున్నది. సభవారు ఆ దర్శనమును చూచిరని లూకా వ్రాయలేదు. చెవులు మూసికొనిరనియే వ్రాసెను.

స్తెఫను తలకు పైగా, రాయి ఎత్తినవారి నడుమనుండి, ఒక యౌవనుని ముఖము తొంగిచూచుచున్నది. అది చిత్రకారుని స్వంత ముఖమేయని పండితులనేకుల అభిప్రాయము. విలపించువారిలో తన్ను చిత్రించుకొనవచ్చును గదా! అతడు నిలిచినది చంపువారి మధ్య.

గ్రీకులో "మార్తుస్" అనగా సాక్షి. ధర్మశాస్త్రము చొప్పున మొదటి రాయి వేయవలసినవారు సాక్షులే (ద్వితీ. 17:7). సౌలు పాదములయొద్ద వస్త్రములు పెట్టిన ఆ మనుష్యులకు లూకా ఈ మాటనే వాడెను. తరువాత పౌలు స్తెఫనును ప్రభువు సాక్షియని పిలిచినప్పుడును (22:20) ఇదే మాట. చంపినవారును సాక్షులే, చంపబడినవాడును సాక్షియే. రెండు చోట్లను మన తెలుగు బైబిలులో ఒకే మాట నిలిచినందుకు, అనువాదకుడనైన నేను సంతోషించుచున్నాను. స్తెఫనును "హతసాక్షి" అని వేరుచేసినయెడల ఈ పోలిక మరుగుపడియుండును.

చిత్రములో దూరముగా సౌలు కూర్చున్నాడు. అతని ఒడిలో వస్త్రములున్నవి. అతనిని చూచినప్పుడెల్ల నాకొక సంఘపు కూటము జ్ఞాపకము వచ్చును. నిర్దోషియని నేనెరిగిన ఒక సహోదరుని వెలివేయుటకు అనేకులు చేతులెత్తిరి. నేను చెయ్యి ఎత్తలేదు, నోరును తెరువలేదు. నేను కార్యదర్శిని, జరిగినదంతయు మినిట్సు పుస్తకములో చక్కని అక్షరములతో వ్రాసితిని. ఆ పుటను దిద్దుటకు నాకు మరల అవకాశము దొరకలేదు.

ఈ పాపము వారిమీద మోపవద్దని స్తెఫను బిగ్గరగా వేడుకొనెను. ఆ స్వరము వినబడునంత దగ్గరలో సౌలుండెను. అటుపిమ్మట యెరూషలేము దేవాలయములో ప్రార్థించుచు అతడు ఆ దినమును ప్రభువునెదుట ఒప్పుకొనెను. తాను రాయి వేయలేదని చెప్పుకొనలేదు. వస్త్రములకు కావలియుంటినని చెప్పెను.