సహాయనటుని విలువ కట్టుట

2006వ సంవత్సరమున అమెరికాదేశమందు ఎమ్మీ బహుమానములకు నామినేషనులు ప్రకటింపబడినప్పుడు ఒక వింత జరిగినది. "మిసెస్ హారిస్" అను టెలివిజను చిత్రమున ఎలెన్ బర్‌స్టిన్ అను ప్రసిద్ధనటి తెరమీద కనబడినది 14 సెకనులు. పలికినవి 38 మాటలు. అయినను ఉత్తమ సహాయనటి బహుమానమునకు ఏర్పడిన కొలదిమందిలో ఆమెయు నొకతె. గ్రుక్కెడు కాఫీ చల్లార్చుకొని త్రాగుటకైనను అంతకంటె నెక్కువ కాలము పట్టును. లోకము నవ్వినది. వోటు వేసినవారు నటనను చూడక పేరును చూచిరని అనేకులు తలచిరి. బహుమానము ఆమెకు రాలేదు. మరుసటి సంవత్సరమున, అట్టి చిత్రములలో సహాయపాత్ర ధరించినవారు మొత్తము నిడివిలో నూటికి 5 వంతులైనను తెరమీద కనబడినగాని అర్హులు కారని టెలివిజను అకాడమీవారు నిబంధన చేసిరి.

ఆ నిబంధన తప్పని మేము చెప్పము. కాని కన్ను చేయవలసిన పనిని గడియారమున కప్పగించిరని మాత్రము చెప్పుదుము. నూటికి అయిదు వంతులు కనబడినవాడు సహాయనటుడును, నాలుగు వంతులు కనబడినవాడు ఏమియు కానివాడును అగుట యెట్లు? గుమ్మము దగ్గర నిలిచి, ఒక వార్త చెప్పి వెడలిపోయిన దూతయొక్క ముఖము ఏండ్ల తరబడి జ్ఞప్తియందుండిపోయిన నాటకములను చదువరులలో చాలమంది చూచియే యుందురు. అట్లని 14 సెకనులు చాలునా యన్నచో, ఆ కొంచెము కాలములో ఎదుటి పాత్రకు ఏమి జరిగినదో చూచిన పిమ్మటగాని చాలునో చాలదో చెప్ప వీలుపడదు.

మన ఆలంకారికులు నాయకుని సహాయులను చెప్పుచు పీఠమర్దుని పేర్కొనిరి. అతడు పతాక యను ఉపకథకు నాయకుడు. ప్రధాననాయకునియందు భక్తి కలవాడు. గుణములలో అతనికంటె కొంచెము తక్కువవాడు. మాలతీమాధవమున మకరందుడును, రామకథలో సుగ్రీవుడును ఇట్టివారు. ఈ లక్షణమున కాలపరిమాణము లేదు; సంబంధము కలదు. ఎవనికి సహాయుడు, ఎట్టి సహాయము చేసెను అనునంతవరకే విచారము. అయితే ఇచ్చట ఒక మెలకువ వలయును. 'కొంచెము తక్కువ' యన్నది పాత్రను గూర్చిన మాట. సుగ్రీవుని వేషము వేసినవాడు రాముని వేషము వేసినవానికంటె నటనలో తక్కువవాడు కానక్కర లేదు; ఒక్కొక్కప్పుడు అతనికంటె ఎక్కువవాడైనగాని ఆ తక్కువతనమును చూపనేరడు.

ఈ భేదమును పాశ్చాత్యులును చాలకాలము పాటింపలేదు. హాలీవుడ్‌లో ఆస్కారు సభయందు సహాయనటులకు వేరుగా బహుమానమిచ్చుట 1937లో ప్రారంభమైనది. నాయకపాత్రధారులకు బంగారుపూత ప్రతిమ, సహాయపాత్రధారులకు ఒక ఫలకము! 1944వ సంవత్సరమునగాని వీరికిని ప్రతిమ లభింపలేదు. 1940లో "గాన్ విత్ ది విండ్" చిత్రమున దాసి పాత్ర ధరించినందుకు హాటీ మెక్‌డానియల్ సహాయనటి బహుమానము పొందినది. నల్లజాతివారిలో ఆస్కారు పొందిన ప్రథమురాలు ఆమెయే. ఆ రాత్రి ఆమెను తన చిత్రబృందముతో కూర్చుండనీయక, వేరుగా ఒక చిన్న బల్లయొద్ద కూర్చుండబెట్టిరి. తెరమీద దాసి, విందున వేరుబంతి, బహుమానమున ఫలకము. పంక్తిభేదమును గూర్చి ఒరులకు బోధించు యోగ్యత మనకును లేదు గనుక ఈ ప్రసంగము నింతటితో విడిచెదము.

టెలివిజను వారి ఎమ్మీలు 1949లో మొదలైనవి. 1954లో ధారావాహికలలోని సహాయనటులకు బహుమానము లిచ్చినప్పుడు వానిని పొందినవారు ఆర్ట్ కార్నీయు, వివియన్ వాన్సును. వాన్స్ ధరించినది "ఐ లవ్ లూసీ"లో పొరుగింటి ఇల్లాలి పాత్ర. లూసీ యెన్ని పిచ్చిపనులు తలపెట్టినను అవి మనకు నమ్మదగినవిగా కనబడుట, 'వద్దు వద్ద'నుచునే కూడ దిగెడు ఈ ఇల్లాలివలననే.

ఇక ఎవడు నాయకుడు, ఎవడు సహాయుడు అని నిర్ణయించువా రెవరు? ధారావాహికలలో ఏ వర్గమున పోటీచేయునదియు నటుని పక్షమువారే మొదట తెలుపుకొందురు. తన స్థానమును తానే చెప్పుకొనుట! ఇందు వినయమునకును తావు కలదు, కపటమునకును కలదు. నాయకపాత్ర ధరించియు, అచ్చట పోటీ హెచ్చని సహాయవర్గమునకు దిగినవాడు, దిగువబంతిలో కూర్చుండి ప్రక్కవాని విస్తరిలోని ముద్ద నెత్తుకొనువాడే. అయితే దిగివచ్చిన ప్రతివాడును కపటి యని చెప్పరాదు. "ఫ్రెండ్స్" అను ధారావాహికలో ఆరుగురు స్నేహితులు. అందు ఎవరికిని ప్రత్యేకనాయకత్వము లేదు. వారు మొదటినుండియు అందరును సహాయవర్గముననే పోటీచేసిరి. 1998లో లీసా కుడ్రో ఆ బహుమానమును పొందినది. 2002లో అందరును కూడబలుకుకొని నాయకవర్గమునకు మారిరి. ఆ యేడు జెన్నిఫర్ ఆనిస్టన్ గెలిచినది. జీతముల బేరమును కూడ వారు కలిసియే యాడిరి. నాయకుడు లేని కథలో ఆరుగురు సహాయులు! ఎవరికి సహాయులని యడిగినచో, ఒకరి కొకరని తప్ప వేరు జవాబు లేదు. మాకీ జవాబు చాల నచ్చినది. "సక్సెషన్"లో కీరన్ కల్కిన్ సంగతి వేరు. అదే పాత్రకు అతడు 2020లోను 2022లోను సహాయనటుడుగా నామినేషను పొంది, 2023లో నాయకవర్గమునకు మారి, 2024 జనవరిలో జరిగిన సభలో గెలిచెను. పాత్ర కథలో పెరిగినదనుట నిజమే. కాని ఏ నాడు గీత దాటినదో చెప్పగల తీర్పరి యెవడు?

మాకు ముఖ్యముగా తోచిన ఉదాహరణము ఇంకను పాతది. 1960 నుండి 1968 వరకు "ది ఆండీ గ్రిఫిత్ షో" అను హాస్యధారావాహిక నడచినది. ఒక చిన్నయూరి పోలీసు అధికారిగా గ్రిఫిత్, అతనిచేతి క్రింది ఉద్యోగి బార్నీగా డాన్ నాట్స్. బార్నీకి తుపాకి కలదు గాని గుండు ఒక్కటియే; అదియు చొక్కాజేబులో దాచుకొనవలసినదే. హాస్యము గ్రిఫిత్ చేయవలెనని మొదటి యుద్దేశము. కాని నాట్స్ నోట హాస్యము పండుట చూచి, గ్రిఫిత్ తొలి ప్రసంగములలోనే తాను వెనుకకు తగ్గెను. నిదానస్థుడై, ప్రక్కవాని తొందరపాటును కనిపెట్టుచు నిలిచెను. నాట్స్‌కు ఆ పాత్రవలన అయిదు ఎమ్మీలు వచ్చినవి, అన్నియు సహాయనటునివే. గ్రిఫిత్‌కు ఆ ధారావాహికవలన ఒక్క నామినేషనయినను రాలేదు.

ఇందు సహాయుడెవడు? పట్టికను చూడగా నాట్స్. పనిని చూడగా గ్రిఫిత్. బార్నీ గొప్పలు చెప్పుకొనునప్పుడు మన కన్ను ఒక్క క్షణము గ్రిఫిత్ ముఖముమీదికి పోవును. అతడు నవ్వు బిగబట్టుకొనుటవలననే మన నవ్వు విడివడును. నాట్స్ బహుమానమునకు తగడని మా యభిప్రాయము కాదు; అట్టి నటుడు అరుదు. ఇచ్చినవారి కన్ను సగము దూరము మాత్రము పోయి ఆగినదని మా చింత. మన యిండ్లలోను ఇంతియే. వచ్చిన చుట్టములు ఇంటి యజమాని మాటకారితనమును మెచ్చుకొని పోవుదురు. ఆ మాటలకు కావలసిన తీరికను అతనికి చేసిపెట్టినవారు వంటయింటిలో నుందురు.

భరతుడు నాట్యశాస్త్రమున ప్రయోగము తీర్పుచేయు ప్రాశ్నికులను చెప్పినాడు. యజ్ఞము వచ్చినచోట యజ్ఞవేత్త, ఛందస్సునకు ఛందోవేత్త, బాణప్రయోగమునకు ధానుష్కుడు, ఈ రీతిగా ఎవని విద్యకు వానిని నియమించి, గెలిచినవారికి పతాక నిమ్మనెను. (సహాయుని ఉపకథకును, గెలుపుటెక్కెమునకును పతాక యనియే పేరగుట మాకు ముచ్చటగా నున్నది.) కాని ఆ పట్టికలో, మాటలాడక వినువాని నటనను కనిపెట్టు ప్రాశ్నికుడు మాకు కనబడలేదు. ఎమ్మీల తీర్పునకు నామినేషను పొందిన నటుడు ఒక భాగమును ఏరి పంపును. ఏరునప్పుడు మనుష్యుడెవడైనను తాను ఏడ్చినదో, కేకలు వేసినదో పంపునుగాని, ఎదుటివానిచేత ఏడ్పించినది పంపునా? కావున తీర్పరి ఒక్కొక్క రంగమును రెండుమారులు చూడవలెనని మా సూచన: ఒకమారు అభ్యర్థిని, రెండవమారు అతని ఎదుటివానిని. ఇట్లు చూచినచో, 2023లో గంభీరధారావాహికల సహాయనట వర్గమున ఎనమండుగురికి ఎనమండుగురును "సక్సెషన్", "ది వైట్ లోటస్" అను రెండింటి వారే యగుట న్యాయమో, పెద్దయింటి వెలుగునకు కన్ను చెదరుటయో తేలియుండును. రెండును కొంత కొంత నిజమని మా యూహ.

ఈ సూచన మేము పుస్తకములు చూచి నేర్చినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పాఠశాల వార్షికోత్సవమున పిల్లలు హరిశ్చంద్ర నాటకమునుండి ఒక రంగము నాడిరి. తీర్పరులలో మేము నొకరము. నక్షత్రకుని వేషము వేసిన బాలుడు అప్పుకై వేధించుచు సభను కడుపుబ్బ నవ్వించెను. నడుమ ఒకచోట వానికి మాట తప్పినది. హరిశ్చంద్రుడు తల వంచుకొని నిలిచినవాడు నిలిచినట్లే, ఆ తప్పిన మాటనే ప్రశ్నగా మార్చి నెమ్మదిగా అడిగెను. నక్షత్రకుడు దాని నందుకొని మునుపటికంటె జోరుగా సాగిపోయెను. సభలో నెవరును పసికట్టలేదు. మేము పసికట్టితిమి. అయినను సహాయనటుని వెండిగిన్నెను నక్షత్రకునికే వ్రాసితిమి. నాయకపాత్ర బహుమానము వేరొక నాటకమునకు పోయినది. రెండవ బాలుడు ఏ వర్గమునకును చెందనివాడయ్యెను.

నక్షత్రకుడు వేదిక దిగివచ్చి గిన్నెను హరిశ్చంద్రుని చేతిలో పెట్టెను. అతడు దానిని త్రిప్పి చూచి, బాగున్నదిరా యని తిరిగి యిచ్చివేసెను. జరిగినదేమో మేము లేచి రెండు మాటలు చెప్పియుండవచ్చును. సభ ముగియు వేళ యైనదని చెప్పలేదు.