రొంటిన దోపిన ఫ్యూజు

రోహిణి కార్తెలో ఆదోని కొండరాళ్ళు పొద్దు గుంకాక కూడా సెగ చిమ్ముతూనే ఉంటాయి. ఆ కొండ కింద ఒక వీధిలో ఒక పత్తి కమీషన్ వ్యాపారి ఇల్లుంది. ఆయన కోడలిది ఎమ్మిగనూరు. తొమ్మిదో నెల పడింది కాబట్టి పురిటికి పిల్చుకుపోదామని ఆమె తల్లిదండ్రులు ఒక సోమవారం మధ్యాహ్నం ఆదోనిలో బస్సు దిగారు. తండ్రి మగ్గం నేసే మనిషి. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో పెట్టిన చేనేత సహకార సంఘానికి వాళ్ళ నాయన నేశాడు, తర్వాత ఈయన నేశాడు. అరవై దాటినా పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు పెడితే గానీ ఆయనకు తెల్లారినట్టుండదు.

భోజనాలై, ఇక బయల్దేరుదామనేసరికి ఆకాశం నల్లబడింది. ముందు దుమ్ము లేచింది, ఆ వెనకే గాలి, గాలితోపాటే శనగగింజలంత వడగండ్లు. వీధి మలుపులో ఉన్న వేపచెట్టు పెళ్ళున విరిగి తీగల మీద పడింది. రెండు స్తంభాలు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఒరిగిపోయాయి. ఇంట్లో తిరుగుతున్న ఫ్యాను మెల్లగా ఆగింది.

"ఇన్వర్టరుంది బావా, మనకేం భయం లేదు" అన్నాడు వ్యాపారి.

ఆ రాత్రి అన్ని గదుల్లో ఫ్యాన్లు తిరిగాయి, టీవీ కూడా నడిచింది. అర్ధరాత్రి దాటాక ఇన్వర్టరు రెండుసార్లు కూసి ఊరుకుంది. మర్నాడు మంగళవారం. నిండు చూలాలిని ఆ రోజు ప్రయాణం పెట్టించరు. పైగా దారిలో చెట్లు పడి ఉన్నాయని కబురు. అందరూ ఉండిపోయారు.

తెల్లారాక గానీ చీకటి అంటే వెలుతురు లేకపోవడం ఒక్కటే కాదని ఆ ఇంటికి తెలియలేదు. మోటారు ఆడదు కాబట్టి మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు లేవు. మిక్సీ లేదు కాబట్టి ఉగ్గానిలోకి పప్పుల పొడి లేదు. వియ్యపురాళ్ళిద్దరూ కొంగులు దోపుకున్నారు. పెరట్లో బోర్లించి ఉన్న రోలు కడిగి పుట్నాలు, ఎండుమిర్చి దంచారు. ఫ్రిజ్జును ఊరికే తెరవొద్దని పిల్లలకు గట్టిగా చెప్పి, ఉన్న పాలన్నీ ఒక్కసారే కాచి తోడు పెట్టేశారు. వీధి చివర చేతిపంపు దగ్గర కడవలు నింపారు. అందరి ఫోన్లూ ఆపేసి ఒక్కటి మాత్రం ఉంచారు, నొప్పులొస్తే ఆసుపత్రికి చేయాలి కదా అని. కిటికీకి తడిపిన దుప్పటి కట్టి దాని పక్కన కోడలికి మంచం వేశారు.

"2009 అక్టోబరులో తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచిందే, అప్పుడు మా ఇంట్లో మగ్గం గుంట నిండా నీళ్ళూరినాయి వదినా. రాత్రి ప్రమిదలో శనగనూనె పోసుకుని కూర్చుంటిమి. ఏది ముందు, ఏది వెనక అనేది అప్పుడే తెలిసింది" అంది నేతగాడి భార్య.

పగలు ఎట్లో గడిచింది. సాయంత్రానికి గాలి స్తంభించింది. కోడలి పాదాలు పొంగి ఉన్నాయి, ఒళ్ళంతా చెమట. అది చూసి వ్యాపారి ప్రాణం ఉసూరుమంది. మంచి మనిషి ఆయన. తన గురించి అయితే ఓర్చుకునేవాడే.

"ఇంక కాదు. షామియానా అంగడిలో జనరేటరు దొరుకుతుంది, తీసుకురాపో" అని కొడుకును పంపాడు.

కొడుకు చీకటి పడుతుండగా ఆటోలో జనరేటరు తెచ్చి పెరట్లో దించాడు. అంగడివాడే ఒక వైరు కూడా ఇచ్చాడు. దానికి రెండు కొసలా పిన్నులే. ఒక కొస జనరేటరులో, ఇంకో కొస గోడ మీది ప్లగ్గులో పెడితే ఇల్లంతా వెలుగుతుందట. కొడుకు తాడు లాగబోతున్నాడు.

అప్పటిదాకా గడపలో నిలబడి వీధివైపు చూస్తున్న నేతగాడు వెనక్కి తిరిగాడు.

"అల్లుడూ, ఒక్క నిమిషం ఆగు. ఆ మలుపులో స్తంభమ్మీద మనిషున్నాడు."

"లైన్‌మన్ మామా. లైన్ బాగుచేస్తాండాడు."

"నువ్వు ఇంట్లో పుట్టించే కరెంటు ఆ స్తంభం దాకా పోతాదా?"

కొడుకు నవ్వబోయి ఆగాడు. "పైన ఆపేసుకుని ఎక్కింటారు మామా. ఆయనకేం కాదు."

"పైనుంచి రాకుండా ఆయన చూసుకున్నాడు. కిందినుంచి పోకుండా చూసేదెవరప్పా?"

ఎవరూ మాట్లాడలేదు. నేతగాడు తన ఎడమ చేయి ముందుకు చాపాడు. చూపుడువేలి గోరు పక్కకు తిరిగి ఉంది. "నాకు కరెంటు సంగతి తెలీదు. మగ్గం సంగతి తెలుసు. పడుగులో పోగు తెగితే మగ్గం ఆపి, లోపల చెయ్యి పెట్టి అతుకుతాం. చిన్నప్పుడు ఒకపొద్దు నేను అట్ల అతుకుతాంటే మా తమ్ముడు ఆటకని పలక గుంజినాడు. వానికి నా మీద పగ లేదు. లోపల చెయ్యుందని వానికి తెలీదు, అంతే. ఆయన కూడా ఇప్పుడు పోగే అతుకుతాండాడు."

కొడుకు తలుపు వెనకున్న ఇనుప పెట్టె తెరిచి మెయిన్ పిడి దించాడు. "చాలా మామా?"

"పిడిని పిల్లోళ్ళు కూడా ఎత్తుతారు. దాంట్లోంచి ఊడొచ్చేది ఏమన్నా ఉందా?"

కొడుకు తెల్లటి పింగాణీ ఫ్యూజు ఊడబెరికి చేతిలో పెట్టాడు. నేతగాడు దాన్ని పంచె రొంటిన దోపుకున్నాడు. అప్పుడు జనరేటరు తాడు లాగారు. కోడలి మంచం మీద ఫ్యాను తిరిగింది.

పది నిమిషాలు కాలేదు, వీధి తలుపు దబదబా మోగింది. లైన్‌మన్. ఒళ్ళంతా చెమట, ముఖాన నెత్తురు చుక్క లేదు.

"ఎవరింట్లో మిషను? చేతిలో తీగ పట్టుకునింటి నేను. ఆ సప్పుడు ఇనేసరికి నా చెయ్యి నాకే తెలీలేదు."

వ్యాపారి నోరు పెగల్లేదు. నేతగాడు లేచొచ్చి రొంటినుంచి ఫ్యూజు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. లైన్‌మన్ దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత తన చొక్కా జేబులోంచి ఒక తాళంచెవి తీసి ఆయన అరచేతి పక్కనే తన అరచెయ్యి పట్టాడు.

"మేమూ ఇంతే పెద్దాయనా. ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఏబీ స్విచ్ దించి, తాళమేసి, చెవి జేబులో ఏసుకున్నాకే స్తంభమెక్కేది. కానీ ఇండ్లల్లోంచి వచ్చేదానికి మా కాడ తాళం లేదు."

కడవలోంచి రెండు చెంబుల నీళ్ళు తాగి, మళ్ళీ స్తంభం దగ్గరికి నడిచాడు.

పది గంటలకు జనరేటర్లో డీజిలు అయిపోయింది. అప్పటికి రాత్రిగాలి తిరిగింది, కోడలికి నిద్ర పట్టింది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ పడుకున్నారు. ఒంటిగంటప్పుడు వీధి వీధంతా ఒక్కసారిగా వెలిగింది. పిల్లలు కేకలు పెట్టారు. ఇరవై ఇళ్ళలో ఫ్యాన్లు తిరిగాయి. ఈ ఇల్లు ఒక్కటే చీకట్లో ఉంది.

వ్యాపారి లేచి అరుగు మీదికొచ్చాడు. వియ్యంకుడు తువ్వాలు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. కుడిచెయ్యి రొంటి మీద ఉంది. లేపుదామని వంగాడు. వంగినవాడు ఆ చెయ్యి చూసి, మెల్లగా లేచి, అరుగు కొసన కూర్చున్నాడు. వీధి దీపం వెలుగులో చీకటిగా ఉన్న తన ఇంటిని చూస్తూ తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు.

మసీదులో అజాన్ వినిపించే వేళకు నేతగాడు కళ్ళు తెరిచాడు. వీధి దీపం చూసి ఉలిక్కిపడ్డాడు. "వచ్చిందా? లేపకపోతివే బావా!"

"మన ఇంటికి ఒక రాత్రి ఆలస్యమైతే ఏం పోయింది బావా" అన్నాడు వ్యాపారి.

నీతి: కరెంటు పోయిన ఇంట్లో మొదట వెతకాల్సింది దీపం కాదు, ఎక్కడో చీకట్లో తీగ పట్టుకుని ఉన్న మనిషి. మనవాళ్ళ మీది ప్రేమతో చేసే పని అయినా, ఆ మనిషిని మరిచి చేస్తే అది ప్రాణం తీస్తుంది.

ఇది కథ కోసం కల్పించిన ప్రమాదం కాదు. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను దించి ఇళ్ళకు 230 వోల్టులుగా ఇస్తుంది. దానికి పైనా కిందా అనే తేడా తెలియదు. కిందినుంచి 230 వోల్టులు ఎక్కిస్తే పైన వేల వోల్టులుగా మార్చి పెడుతుంది. మెయిన్ దించకుండా జనరేటరును ప్లగ్గులో గుచ్చిన ఇల్లు తనకు తెలియకుండానే ఒక చిన్న సబ్‌స్టేషన్ అయిపోతుంది. లైన్‌మన్‌లు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటారు, తీగకు ఎర్త్ రాడ్డు తగిలిస్తారు. గాలివాన పూట, వంద చోట్ల తెగిన లైన్ల మధ్య, ఇంటింటికీ జనరేటర్లున్న వీధిలో అవి మాత్రమే వాళ్ళను కాపాడాలంటే ఎట్లా? ఎత్తు తక్కువ తీగల్లో నడిచే 230 వోల్టులే మనిషి ప్రాణానికి చాలు.

అసలు ఆ అల్లుడు తెచ్చిన వైరే తప్పు. నేతగాడికి అది తెలియదు, తెలిసే వీలూ లేదు. కాబట్టి ఆ ముక్క నేనే చెప్పాలి. రెండు కొసలా పిన్నులున్న వైరులో ఒక కొస గోడనుంచి ఊడిందంటే, ఆ పిన్నుల్లో కరెంటు బయటికి తెరుచుకుని ఉంటుంది. పసిపిల్ల పట్టుకున్నా అంతే, ముసలావిడ తగిలినా అంతే. మెయిన్ దించినా సరే, ఆ వైరు వాడకూడదు. ఫ్యాను ఒక్కటే కావాలంటే టేబుల్ ఫ్యానును నేరుగా జనరేటరుకే తగిలించుకోవచ్చు. ఇల్లంతా కావాలంటే ఎలక్ట్రీషియన్ని పిలిచి చేంజోవర్ స్విచ్ పెట్టించుకోవాలి. అది ఉంటే లైన్ కరెంటూ జనరేటరు కరెంటూ ఎప్పటికీ కలవవు. ఇంకొకటి, జనరేటరు పెరట్లోనే, కిటికీకి దూరంగా ఉండాలి. మూసిన గదిలో దాని పొగ నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. అది వాసనతో హెచ్చరించే విషం కూడా కాదు.

మన పడమటి కర్నూలులో వేసవి గాలివానలు పిడుగులతో వస్తాయి. చెట్లు విరుగుతాయి, తీగలు తెగుతాయి, ఒక పూటో రెండు పూటలో చీకటి తప్పదు. ఆ పూటల్లో సబ్‌స్టేషన్ మీదికి గుంపుగా పోయి లైన్‌మన్ని నిలదీయడం మనకు అలవాటైంది. కరెంటు ఇంకా ఎందుకు రాలేదని అడిగే హక్కు మనకుంది. కానీ ఆలస్యానికి కారణం చాలాసార్లు స్తంభం మీద ఉన్నవాడు తొందరపడకపోవడమే, తొందరపడకపోవడం వల్లే అతను రాత్రికి ఇల్లు చేరతాడు. 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు స్తంభాలెక్కే ఎనర్జీ అసిస్టెంట్లుగా చేరిన కుర్రాళ్ళలో చాలామంది మన ఊళ్ళ పిల్లలే. వాళ్ళకూ పురిటికి పిల్చుకురావాల్సిన అక్కచెల్లెళ్ళున్నారు.

రోహిణి రాకముందే ఒక పని చేయండి. మీ ఇంటి మెయిన్ ఎక్కడుందో, పిడి ఎట్లా దించాలో ఇంట్లో పెద్దవాళ్ళందరికీ ఒకసారి చూపించండి. ఆడవాళ్ళకు తప్పకుండా చూపించండి, పగటిపూట ఇంట్లో ఉండేది వాళ్ళే. వీధిలో జనరేటరున్న ఇల్లేదో తెలుసుకుని, స్తంభమెక్కబోయే మనిషికి ఆ మాట ముందే చెప్పండి. తీగ తెగి నేలమీద పడి ఉంటే అందులో కరెంటు లేదని మాత్రం అనుకోవద్దు. దగ్గరికి పోకుండా, ఎవరినీ పోనివ్వకుండా దూరంగానే నిలబడి ఫోను చేయండి. నంబరు 1912.