వదలని చీర పేలిక
ఏడాది దాటిన బిడ్డ అమ్మ పాత చీర పేలికనో, అంచు చిరిగిన దుప్పటినో చెంపకు ఆనించుకుంటే తప్ప నిద్రపోనని మారాం చేసినప్పుడు, దానిని మొండితనంగా లెక్కగట్టే పెద్దలు ఎందరో ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1953లో ప్రచురించిన పత్రంలో ఇటువంటి దానిని ‘ట్రాన్సిషనల్ ఆబ్జెక్ట్’, అనగా సంధికాలపు వస్తువు అన్నారు. తల్లీ తానూ ఒకటేనన్న భావన నుంచి తాను వేరన్న ఎరుకకు బిడ్డ సాగే దారిలో, తల్లి ఎదుట లేని వేళ ఆమె ఇచ్చే నిబ్బరాన్ని కొంతవరకు అందించే వస్తువు అని దాని భావం. ఆ పేలికకు పట్టిన వాసన కూడా బిడ్డకు ఆసరాయే గనుక, శుభ్రత పేరిట దానిని ఉతికి ఆరేసిన రోజున ఇల్లంతా ఏడుపుతో మారుమోగడంలో వింత లేదు. అదే చీర నుంచి మరో ముక్కను ముందే అలవాటు చేసి, ఒకదాని తర్వాత ఒకటి ఉతకడం మేలు.

అయితే ఏడాది నిండని శిశువు పడకలో మెత్తని బొమ్మలు, వదులు గుడ్డలు ఊపిరికి అడ్డుపడవచ్చు గనుక వాటిని అక్కడ ఉంచనే కూడదు. బడి వయసు వచ్చాక కూడా ఆటనూ తోటిపిల్లలనూ కాదని బిడ్డ ఆ వస్తువుతోనే రోజంతా గడుపుతుంటే, వస్తువును లాక్కోవడానికి ముందు బిడ్డను కలవరపెడుతున్నదేమిటో కనుక్కోవాలి, అవసరమైతే శిశువైద్యుని సంప్రదించాలి. దాచేయడం, నలుగురిలో వెక్కిరించడం మాత్రం నిస్సందేహంగా క్రూరత్వమే. పగలు దానిని పడక దగ్గరే వదలడం అలవాటు చేస్తే, చాలామంది పిల్లలు స్నేహాలు పెరిగేకొద్దీ తమంతట తామే దానికి దూరమవుతారు.