లోలకం ఊగినా చెయ్యి మనదే

దసరా, దీపావళి దగ్గర పడుతున్నాయి. పూజలకు వచ్చే కుటుంబాల్లో కాలేజీ పిల్లలు ఈ మధ్య పెద్దల్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు: "లోలకంతో ప్రశ్న చూడటం నేర్చుకోవాలని ఉంది. ఏ రకం కొనాలి?" అమెరికాలో స్ఫటికం, ఇత్తడి, చెక్క లోలకాలు అమ్మే దుకాణాలు చాలానే ఉన్నాయి. గొలుసు పట్టుకుని ప్రశ్న అడగాలి. ముందుకూ వెనక్కూ ఊగితే అవును, పక్కలకు ఊగితే కాదు అని ముందే అనుకోవాలి. అంతే విద్య. పిల్లల్ని కసిరి వద్దనడం తేలిక, సరదాయే కదా అని వదిలేయడం ఇంకా తేలిక. రెండూ కాకుండా కాస్త ఆలోచిద్దాం.

ఇది మనకు పరాయిది అనుకోనక్కర్లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచి, అది నిలువుగా లేచిన చోట బోరు వేయించడం మన ఊళ్ళలో తెలిసిన సంగతే. ఎర్ర పువ్వు, తెల్ల పువ్వు పొట్లాలు కట్టి దేవుడి ముందు చిన్నపిల్లల చేత తీయించడమూ తెలుసు. ఏ నిర్ణయానికీ రాలేక సతమతమయ్యే మనసు ఏదో ఒక ఆసరా వెతుక్కుంటుంది. అందులో నవ్వవలసింది ఏమీ లేదు.

ఇక ఏది కొనాలన్న మాటకు వద్దాం. చిన్నగా ఊగే లోలకం ఎంత వేగంగా ఊగుతుందన్నది దారం పొడవును బట్టి ఉంటుంది గాని బరువును బట్టి కాదని స్కూల్లోనే చదువుకున్నాం. 25 సెంటీమీటర్ల దారమైతే ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి సుమారు ఒక సెకను పడుతుంది. చివర ఖరీదైన రాయి కట్టినా, ఇంట్లో ఉన్న ఉంగరం కట్టినా అంతే.

మరి ఊపుతున్నది ఎవరు? ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ ఈ సంగతి తన చేతి మీదే పరీక్షించుకున్నారు. చేతికి ఆనుడు పెడితే ఊపు తగ్గింది. కళ్ళకు గంతలు కడితే, కింద ఏ వస్తువు పెట్టినా తీసినా లోలకానికి తెలియలేదు. చూపూ, ఎదురుచూపూ కలిసి మనకు తెలియకుండానే వేళ్ళను కదిలిస్తాయని ఆయన 1833లో ప్రకటించారు. అంటే లోలకం అబద్ధం ఆడదు, పట్టుకున్నవారి మనసులోని మొగ్గునే చూపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మనకు ఏది కావాలో తెలియడం వేరు, ఏది ధర్మమో తెలియడం వేరు.

ఆ తేడా మరిచిపోతే ఏమవుతుందో లోకం చూసింది. బాంబుల్ని కనిపెడుతుందని చెప్పి ఒక బ్రిటిష్ వ్యాపారి ఇరాక్‌కు పరికరాలు అమ్మాడు. పిడికి తగిలించిన ఏంటెన్నా తప్ప వాటిలో పనిచేసేది ఏదీ లేదు. సైనికుడి చేతి కదలికకే అది తిరిగేది. తనిఖీ కేంద్రాల్లో దాన్ని నమ్మి వాహనాలను వదిలారు. ఆ వ్యాపారికి 2013లో లండన్ కోర్టు 10 ఏళ్ళ జైలుశిక్ష విధించింది.

మన ఇళ్ళలో బాంబులు లేకపోవచ్చు. అమ్మాయి సంబంధం ఉంది, ఇండియాలో ఉన్న నాన్నగారి ఆపరేషన్ ఉంది, స్నేహితుడి మీద అనుమానం ఉంది. కౌరవ సభలో ద్రౌపది అడిగిన ప్రశ్న ఇక్కడ గుర్తుకు రావాలి. తనను తాను ఓడిపోయినవాడికి మరొకరిని పణంగా పెట్టే హక్కు ఎక్కడిది? తన ఆలోచనను దారానికి అప్పగించినవారు ఎదుటివారి బతుకు గురించి ఆ దారాన్ని అడగవచ్చునా? కూడదని మా అభిప్రాయం. వైద్యుణ్ణి అడగవలసింది వైద్యుణ్ణే అడగాలి. అమ్మాయి మనసు అమ్మాయినే అడగాలి.

గీత చివరి అధ్యాయంలో కృష్ణుడు చెప్పవలసిందంతా చెప్పి, బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమని అర్జునుడికే వదిలేశాడు. సాక్షాత్తు భగవంతుడే తీసుకోని నిర్ణయాన్ని రాయి మీద పెట్టడం ఏం న్యాయం?

కాబట్టి పిల్లలూ, ముచ్చట పడితే చౌకలో ఒకటి కొనుక్కోండి. మీ గురించి మాత్రమే అడగండి. అది ఎటు ఊగిందో చూశాక, "నేను ఇదే ఎందుకు కోరుకుంటున్నాను?" అని కూడా అడగండి. దానికి జవాబు లోలకం చెప్పదు. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడండి.