పడినవానిని కొట్టరాదు

కొట్టుటయే పనిగా గల ఆటలో, “నీవు అన్యాయముగా కొట్టితివి” అని ఒకనిని తప్పుపట్టుట వింతగా తోచవచ్చును. బాక్సింగులో ప్రత్యర్థి స్పృహ తప్పి పడిపోయినయెడల జనులు చప్పట్లు కొట్టుదురు. అయినను నడుము క్రింద గాని తల వెనుక గాని కొట్టినవానిని రిఫరీ హెచ్చరించును, మార్కులు తగ్గించును, తప్పు ఘోరమైనదైతే పోటీనుండియే తొలగించును. బాధపెట్టుట నేరము కాని చోట, నేరమేది?

నియమప్రకారము పోరాడని జెట్టికి కిరీటము లేదని అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో జ్ఞాపకము చేయుచున్నాడు. అక్కడి గ్రీకు పదము ‘నోమిమోస్’. చట్టమునకు లోబడి అని దాని భావము. గ్రీకులు ఈ మాటను ఎంత గట్టిగా పట్టుకొనిరో రెండవ శతాబ్దపు యాత్రికుడైన పౌసానియస్ వ్రాసిన ఒక వృత్తాంతము తెలుపుచున్నది. నెమెయా క్రీడలలో క్రెయుగస్, డమొక్సెనస్ అను ఇద్దరు ముష్టియోధులు సాయంకాలము వరకు పోరాడినను జయాపజయములు తేలలేదు. అప్పుడు వంతులవారీగా ఒక్కొక్క దెబ్బ కొట్టుకొనుటకు అందరు వినుచుండగా ఒప్పుకొనిరి. క్రెయుగస్ తలపై కొట్టెను. డమొక్సెనస్ అతనిని చేయి పైకెత్తుమని చెప్పి, చాచిన వ్రేళ్లతో ప్రక్కలో పొడిచి చంపెను. ఆర్గోసువారు డమొక్సెనసును వెళ్లగొట్టి, చనిపోయినవానికే జయమునిచ్చిరి. అతడు చంపెనని కాదు, ఒక్క దెబ్బకు మాట ఇచ్చి అయిదు వ్రేళ్లతో పలు దెబ్బలు కొట్టెనని వారు తీర్పు తీర్చిరి.

తరువాతి కాలపు నియమములును ఈ త్రోవనే నడచినవి. 1743లో ఇంగ్లండులో జాక్ బ్రౌటన్ ఏర్పరచిన నియమములలోనే పడినవానిని కొట్టరాదని యుండెను. 1867లో ప్రకటింపబడిన క్వీన్స్‌బెరీ నియమములు చేతితొడుగులను, మూడు నిమిషముల రౌండ్లను, పడినవాడు లేచుటకు పది సెకండ్ల గడువును విధించెను. తల వెనుక కొట్టరాదు. గంట మ్రోగిన తరువాత కొట్టరాదు. రిఫరీ విడదీయుచుండగా కొట్టరాదు. వీటన్నిటిని ఒకచోట పెట్టి చూడుడి. శరీరమునకు కలుగు అపాయము ఒక కారణమే. కాని గడ్డముపై తగిలిన న్యాయమైన దెబ్బ, గంట తరువాత తగిలిన చిన్న దెబ్బకంటె ఎక్కువ హాని చేయగలదు గదా! కనుక నొప్పి కొలత మాత్రమే ఇక్కడ చాలదు. ఎదుటివాడు ఒప్పుకొని, చూచి, కాచుకొని, బదులు చెప్పగల దెబ్బ న్యాయమైనది. కాచుకొనలేనివానిని కొట్టినప్పుడు అక్కడ పోరు ముగిసినది. హింస మాత్రమే మిగిలినది.

అట్లని నియమము పాటించినవాడు నిర్దోషియని చెప్పజాలము. ముష్టియోధుల మెదడు దెబ్బలవలన క్రమముగా చెడిపోవు విధమును 1928లో అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ వర్ణించెను. న్యాయమైన దెబ్బలును ఆ హానిని చేయును. నియమము చేతికి కంచె వేయును గాని హృదయమును మార్చదు. అయినను కంచెను తృణీకరింపరాదు.

ఆ కంచె ఓడినవానికే గాక గెలుచుచున్నవానికిని కలదు. 1927 సెప్టెంబరు 22న చికాగోలో జాక్ డెంప్సీ, ఛాంపియనైన జీన్ టన్నీని ఏడవ రౌండులో పడగొట్టెను. పడగొట్టినవాడు దూరపు మూలకు వెళ్లువరకు రిఫరీ లెక్క మొదలుపెట్టరాదు. డెంప్సీ కదలక అక్కడనే నిలిచెను. ఆ ఆలస్యములో టన్నీకి కొన్ని సెకండ్లు అధికముగా దొరికెను. అతడు లేచి, పోటీ గెలిచెను. పడినవాని మీద వ్రాలియుండుట తనకు హక్కని గెలుచుచున్నవాడు తలంచును. నీ స్థలము అది కాదు, దూరముగా పొమ్మని నియమము చెప్పును.

నేనట్లు దూరముగా వెళ్లలేదు. చాల సంవత్సరముల క్రిందట ఒక అనువాద సంఘములో ఒక్క పదమునుగూర్చి నాకును ఒక పెద్ద సహోదరునికిని వాదము జరిగెను. సభ నా పక్షమున తీర్మానించెను. ఆయన మారుమాట పలుకలేదు. అది చాలదన్నట్లు, ఆయన రాని మరుసటి కూటములో ఆయన గ్రీకు పాండిత్యమునుగూర్చి నేను పరిహాసమాడితిని. అందరు నవ్విరి. సభా నియమములలో దేనిని నేను మీరలేదు. అయినను అది తల వెనుక కొట్టిన దెబ్బ. ఆ మాట ఆయన చెవికి చేరెనని తరువాత తెలిసినది. క్షమాపణ వేడుకొనవలెనని నేను దినములు గడుపుచుండగా ఆయన ప్రభువునందు నిద్రించెను.

తప్పితములో చిక్కినవానిని సాత్వికముతో మంచిదారికి తీసికొని రావలెనని పౌలు గలతీయులకు వ్రాసెను. అక్కడ ఆయన వాడిన గ్రీకు క్రియయే, జెబెదయి కుమారులు దోనెలో వలలు బాగుచేసికొనుటనుగూర్చి మార్కు సువార్తలో కనబడుచున్నది. పడినవానిని కొట్టవద్దని రింగు నియమము చెప్పి ఊరకుండును. చినిగిన వలను బాగుచేసినట్లు అతనిని బాగుచేయుమని సువార్త చెప్పును. చదువరీ, నీ మాటకు బదులు చెప్పలేని స్థితిలో నేడు ఎవడున్నాడు? అతడింకను బ్రదికియుండగనే అతనియొద్దకు వెళ్లుము.