లెక్కకు సాక్షి

పొన్నూరులో వెలసిన శ్రీ భావనారాయణస్వామిని భక్తులు సాక్షి భావనారాయణుడని కొలుచుచున్నారు. ఆ నామము వచ్చిన కథను ఈ ప్రాంతపు పెద్దలు నేటికిని చెప్పుదురు. కాశీయాత్రలో తనకు సేవ చేసిన మేనల్లునికి ఒక పెద్దాయన మాట ఇచ్చెను; ఇల్లు చేరిన పిమ్మట తప్పెను. సాక్షి యెవరని సభవారడుగగా, ఆ నిర్భాగ్యుని పక్షమున స్వామియే వచ్చి సాక్ష్యము పలికెనట. మనుష్యుడు మాట తప్పుటకు ముందు నాలుగు దిక్కులు చూచును. ఎవరును లేరని ధైర్యము తెచ్చుకొనును. చూచువాడొకడు గలడని చెప్పుటకే ఈ కథ.

గత మాసమున, హైదరాబాదులో మేనేజిమెంటు విద్య నభ్యసించుచున్న మా తమ్ముని మనుమడు స్వామిదర్శనమునకు వచ్చెను. ప్రదక్షిణము ముగించి మండపమున కూర్చుండగా వాడడిగెను: "తాతయ్యా! మాకు ఎథిక్స్ అని ఒక పేపరు ఉంది. అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి. మార్కులు వస్తే మనిషి మంచివాడైనట్టేనా?"

పరిహాసముగా అడిగిన ప్రశ్న కాదది. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని.

ఈ ప్రశ్నకు మన తెలుగునాటనే పెద్ద నిదర్శనము కలదు. 1987లో హైదరాబాదున 'సత్యం' అను కంప్యూటర్ సంస్థ స్థాపింపబడి దేశదేశముల కీర్తి గడించినది. సంస్థాపరిపాలన ఉత్తమముగా ఉన్నదని 2008లో గోల్డెన్ పీకాక్ బహుమానమును కూడ పొందినది. ఆ సంవత్సరమే డిసెంబరు 16న, అధిపతి కుటుంబమునకు సంబంధించిన మేటాస్ సంస్థలను కొనుటకు డైరెక్టర్ల సభ అంగీకరించినది. 'సత్యం' అను పేరును ఇంగ్లీషు అక్షరములలో వెనుకనుండి చదివినచో వచ్చునదే 'మేటాస్'. వాటాదారులు ఆక్షేపింపగా ఆ ప్రయత్నము మరునాటికే విరమింపబడినది. 2009 జనవరి 7న సంస్థాధిపతి రామలింగరాజుగారు స్వయముగా లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకొనిరి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆయనకును, మరి తొమ్మండుగురికిని ఏడేండ్ల శిక్ష విధించినది. అప్పీలుపై మరుసటి నెలలో ఆ శిక్ష నిలుపుదల చేయబడి బెయిలు లభించినది.

పాతగాయమును కెలకుట నా ఉద్దేశము కాదు. ఇందు గమనింపదగిన విషయములు రెండున్నవి. ఆ సంస్థ డైరెక్టర్లలో హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యులొకరును, హైదరాబాదులో 2001లో ఆరంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ యొక్క అప్పటి డీనును ఉండిరి. వారికి ఈ మోసము తెలియునని నేననుట లేదు. అయినను, వ్యాపారవిద్యలో మిన్నలైన గురువులు సభలో కూర్చుండియు, ఆడిటర్లు సంతకము చేసియు అసత్యము బయటపడలేదు. బయటి సాక్షులందరు ఉండగనే లెక్క తప్పినది. ఇది మొదటి విషయము. రెండవది, ఆ లేఖ ప్రకారము, పుస్తకములలోని అంకెకును నిజమునకును ఆదిలో ఉన్న భేదము స్వల్పమే. ఏటేట పెరిగి పెరిగి, కడపట పులిపై స్వారివలె దిగుటకు దారి లేకపోయినది. వేలకోట్ల అబద్ధమును ఎవడును ఒక్కనాడు వ్రాయజాలడు.

ఆ మొదటి చిన్న అంకె ఎట్లుండునో నాకు తెలియును. నేనొక పాఠశాలలో పనిచేయుచుండగా, పిల్లల సంఖ్య తగ్గినచో గ్రాంటు నిలిచిపోవునని పైవారు తనిఖీకి ముందుదినమున చెప్పిరి. రాని పిల్లలను ఆరుగురిని వచ్చినట్లు హాజరుపట్టీలో గుర్తించి సంతకము చేసితిని. నలుగురు ఉపాధ్యాయుల జీతములు నిలబడునని మనస్సునకు సమాధానము చెప్పుకొంటిని. ఆ ఉదయముననే హరిశ్చంద్రోపాఖ్యానము బోధించియుంటిని. బల్లచెంత నిలిచి చూచిన విద్యార్థి ఏమియు అనక, పుస్తకము మూసికొని వెడలిపోయెను. వాడానాడు నావద్ద నేర్చినది హరిశ్చంద్రుని కథ కాదు. మరుసటి యేడు ఆరు తొమ్మిదియైనవి. ఆ పర్యాయము నన్నెవరును అడుగనక్కర లేకపోయినది.

ఇది విని మనుమడు నా ముఖము వంక చూచెను. వానికి నేను చెప్పిన మాటలివి.

చదువు ముగించి వెడలు శిష్యునకు గురువు చేయు ఉపదేశము తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో కలదు. సత్యమును, ధర్మమును ఉపదేశించిన గురువు, మా నడవడిలోని మంచిపనులను మాత్రమే అనుసరింపుము, తక్కినవి వలదని కూడ చెప్పును. గురువు తన లెక్కను శిష్యుని యెదుట విప్పి చూపుటయే అది. 2009లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు పట్టభద్రులు, ధర్మబద్ధముగా వ్యవహరింతుమని ఒక ప్రతిజ్ఞను ఏర్పరచుకొనిరి. మంచిదే. కాని ఆ ప్రతిజ్ఞను వినువాడెవడో తెలియవలయును.

మహాభారతము శాంతిపర్వమున జాజలి యను తపస్వి కథ యున్నది. జటలలో పక్షులు గూడు కట్టినను కదలని ఆ మహాతపస్వి, గర్వమునకు లోనై, ధర్మము తెలిసికొనుటకు కాశీలోని తులాధారుడను వర్తకుని అంగడికి పోవలసి వచ్చెను. తన తక్కెడ అందరియెడ సమముగా తూగుననునదే ఆ వర్తకుని తపస్సు. ఆనాటి కాశీ తక్కెడకును, మన గుంటూరు మిర్చి యార్డులోని కాటాకును భేదము లేదు. పత్తి బోరెమునకు తూకము కొఱకు నీరు చల్లు రైతును, మిర్చి టిక్కీకి అన్యాయపు తరుగు తీయు వ్యాపారియు ఒకే సాక్షి యెదుట నున్నారు.

"దేవుణ్ణి నమ్మనివాడి సంగతేమిటి తాతయ్యా?" అని వాడడిగెను. "తప్పుడంకె వ్రాయునపుడు నీ చేయి చేయుపని నీకు తెలియదా నాయనా? ఆ తెలివికి ఆధారమై లోపలనున్నవానినే మనవారు అంతర్యామి యన్నారు. మార్కులు త్రోవ తెలిసినదనుటకు గుర్తు. నడచితివా లేదా యనునది మొదటి చిన్న అంకె వద్ద తేలును" అంటిని.

వాడు కొంతసేపు ఊరకుండి, "వ్రాయనంటే ఉద్యోగం పోతుంది. అప్పుడు ఇల్లు గడవద్దా?" అనెను.

గడవవలయును. కనుకనే ఈ పాఠము పిల్లలకు మాత్రమే చాలదు. కుమారుడు ఉద్యోగములో చేరగానే జీతమెంతయని అడుగు తలిదండ్రులము మనము. ఆ ధనము ఏ త్రోవను వచ్చుచున్నదో కూడ అడుగుచున్నామా? "తప్పు వ్రాయవలసి వచ్చిన నాడు ఇంటికి రమ్ము, ఉన్నదానితో గడుపుకొందము" అని పెద్దలు ముందే చెప్పిన పిల్లవానికి ఆనాడు కలము విడిచివేయు ధైర్యము కలుగును. నాకు ఆ మాట చెప్పినవారు లేరనుట సాకు మాత్రమే. మా మనుమనికి నేను చెప్పి పంపితిని.

మన కలములకును, కాటాలకును సాక్షి భావనారాయణుడు సాక్షియై, మనకు మొదటి తప్పు వద్దనే నిలిచిపోవు బుద్ధి నొసగుగాక!